చలికి దారి

మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్‌లోకి దిగే ర్యాంప్ మీద ఒక చోటు ఉంది. డిసెంబరు పొద్దుల్లో అక్కడికి వచ్చేసరికి చలి ముఖానికి కాదు, ముందుగా చీలమండలకు తగులుతుంది. అప్పటిదాకా పొడినేల మీద నడుస్తూ ఉన్నట్టుండి వాగులో కాలు పెట్టినట్టుంటుంది. బూట్లేసుకుని ఆఫీసులకు పరుగెత్తేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నేను ఇంటి చెప్పులతో దిగే మనిషిని కాబట్టి నాకు తెలుస్తుంది. మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి శ్రావ్య మీద కోపంతో, కారు తాళాలు పట్టుకుని విసురుగా దిగుతున్నాను. పదో తరగతి చదివే పిల్ల. నెల రోజులుగా కోచింగ్ మానేసి, ఆ మాట తీరిగ్గా ఆ పొద్దున చెప్పింది. నేను ఒక్క మాట కూడా అనలేదు. నాకు కోపమొస్తే నోరు మూతపడుతుంది, కాళ్ళు గుమ్మం దాటుతాయి. పెళ్ళయిన నాటి నుంచి చాలా ఏళ్ళు మా ఆయన రవి చూసింది ఇదే వరస. ర్యాంప్ మీద ఆ చోటుకు రాగానే పాదాలకు చలి తగిలింది, నేను ఆగిపోయాను. "ఇయ్యాల పిక్కల దాక ఉన్నది బిడ్డా" అన్న గొంతు వినిపించినట్టయింది. సుగుణమ్మగారి గొంతు అది. ఆవిడ పోయి రెండు చలికాలాలు గడిచాయి.

ఇంటి నుంచే పని చేసుకోమని ఆఫీసులు చెప్పిన రోజుల్లో కొండాపూర్ ఫ్లాట్‌లో ముగ్గురికీ ఊపిరాడక, మొయినాబాద్ దాటాక ఎంకపల్లిలో ఒక ఇంటి పైభాగం అద్దెకు తీసుకున్నాం. కింద సుగుణమ్మగారు ఉండేవారు. భర్త పోయిన మనిషి. కొడుకు చేవెళ్ళలో ఎరువుల దుకాణం నడుపుకుంటూ వారానికోసారి వచ్చిపోయేవాడు. ఇంటి వెనక తలుపు తీస్తే ద్రాక్ష తోట. ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు నేను మా తెనాలి మర్యాదంతా కూడగట్టుకుని, "అద్దె ఎంతండీ ఆంటీ?" అన్నాను. ఆవిడ సాసర్లో చాయ్ ఊదుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "అద్దె గాదు, కిరాయి. అండీ గిండీ వద్దు. ఆంటీ అయితే అసలే వద్దు, ఊర్లె నన్ను పటేలమ్మ అంటరు. నువ్వు పెద్దమ్మ అను, అయిపాయె" అంది. తర్వాత రవి వైపు తిరిగి, "నీ పెండ్లాం గింత మెల్లగ మాట్లాడుతది, కోపమొస్తే ఎట్ల బాబు?" అని అడిగింది. రవి నవ్వి, "కోపమొస్తే అసలు మాట్లాడదండీ" అన్నాడు. పెద్దమ్మ నన్ను మళ్ళీ ఒకసారి చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. నా గుట్టేదో మొదటి రోజే తెలిసిపోయినట్టనిపించింది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా అంగూరు తోటలే ఉండేవట. మేం వెళ్ళేసరికి అజీజ్‌నగర్ నుంచి జన్వాడ దాకా ఎక్కడ చూసినా ఫామ్‌హౌసులు, ఎత్తు గోడలు, గేటు దగ్గర కుర్చీలో వాచ్‌మన్. ఎంకపల్లిలో మిగిలిన ద్రాక్ష తోటల్లో ఆవిడదొకటి. పెద్ద కొండేమీ కాదు గానీ నేల బాగా వాలుగా ఉంటుంది. పైన, ఇంటి వైపు, ఏనుగుల్లా కూర్చున్న నల్ల బండలు. అక్కడి నుంచి పందిళ్ళు వరసగా కిందికి దిగుతూ వాగు వైపు సాగుతాయి. బండల దగ్గరి ముక్కను ఆవిడ 'తల్లిగారిల్లు' అనేది, కింది ముక్కను 'అత్తగారిల్లు' అనేది. ఎందుకని అడిగితే, "తల్లిగారింట్ల ఎచ్చగుంటది గదా" అంది. పగలంతా ఎండ తాగిన బండలు రాత్రి తెల్లవార్లూ ఆ వేడిని మెల్లగా వదులుతాయి కాబట్టి పైముక్కకు చలి తగలదు. కింది ముక్కకు వాలులోని చలంతా వచ్చి చేరుతుంది. ఆ పేర్లు పెట్టింది భర్తేనట. తోట వేసిన ఏడాదే ఆవిడ కాపురానికొచ్చింది. కొత్త కోడలికి తోట చూపిస్తూ ఆయన ఆ మాట అంటే, మామగారు వెనకే ఉండి విన్నాడట. "మా మామ నవ్విండు. మా అత్త మాత్రం నెల దినాలు కొడుకుతోని మాట్లాడలే" అని చెప్పి, నిన్న జరిగినట్టు పకపకా నవ్వేది.

ఒకే రకం తీగ, ఒకే బావి నీళ్ళు, ఒకే ఎరువు. అయినా పైన గుత్తులు ముందు పండుతాయి, కింద వెనకబడతాయి. ఒకే తోటలో నాలుగడుగులు కిందికి దిగితే కాలం మారిపోవడం నాకు వింతగా ఉండేది. పెద్దమ్మ దానికి తగ్గట్టే పని నడిపేది. దసరా వెళ్ళగానే అత్తగారింటి కొమ్మలు కత్తిరించేది, చలి ముదిరేలోపు అక్కడి చిగుళ్ళు నిలదొక్కుకోవాలని. పైన మాత్రం దీపావళి దగ్గర పడేదాకా కత్తెర ముట్టనిచ్చేది కాదు. అలా ముందు వెనకలుగా కత్తిరిస్తే రెండు ముక్కలూ ఒకేసారి కోతకు వస్తాయి, బేరగాడు ఒకేసారి వచ్చి చూసుకుంటాడు. "వెనకబడేటోన్ని జర ముందుగాల తోలాలె. గంతే" అనేది. నేను సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తాను. ఏది ఎందుకు ఆలస్యమవుతోందో వెతకడమే నా రోజువారీ పని. ఆ మాట విన్న రోజు మీటింగులో మనసు నిలవలేదు.

పొద్దున్నే చెప్పులు ఇంటి దగ్గర విడిచి తోటంతా నడవడం ఆవిడ అలవాటు. భక్తి అనుకున్నాను మొదట. తర్వాత నన్నూ రమ్మంది, నా బూట్లు చూసి మెట్ల మీదే ఆపేసింది. "గవి ఇడువు. నీ కాలుకు ఏమెరుక ఐతది గవేసుకుంటే?" అంది. వట్టి కాళ్ళతో ఆవిడ వెనక నడిచాను. పైముక్కలో మట్టి గోరువెచ్చగా ఉంది. సగం దిగాక ఒక చోట చలి మొదలైంది. ఇంకో పందిరి దాటేసరికి అది మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. పైన నడుముకు, చేతులకు అంత చలి లేదు. ఆవిడ ఆగి, "ఏడికున్నది?" అని అడిగింది. నాకు ప్రశ్న అర్థం కాలేదు. "చలి బిడ్డా, చలి. ఏడి దాక ఉన్నది?" అంది. నేను మోకాలు చూపించాను. "ఆఁ, మోకాళ్ళ దాక. మంచిగ చెప్పినవ్" అని నా భుజం తట్టింది. చెరువులో నీళ్ళెంత ఉన్నాయో చెప్పినట్టు ఆవిడ చలిని చెప్పేది. పిక్కల దాకా అంటే ఫికరు లేదు. మోకాళ్ళ దాకా అంటే జర చూసుకోవాలి. ఆ తర్వాతి మెట్టు నడుముల దాకా. "ఆయినున్నప్పుడు నడుముల దాక ఎన్నడు రాలే. ఇప్పుడు రెండేండ్ల సంది వస్తున్నది" అంది, నడుస్తూనే.

ఆ రెండేళ్ళ సంగతి మెల్లగా తెలిసింది. కోత దగ్గర పడే రోజుల్లో పగలు ఎండ కాసి, తెల్లవారుజామున చలి బాగా దిగితే పచ్చగా ఉండాల్సిన ద్రాక్ష కాయకు గులాబీ రంగు తిరుగుతుంది. చూడటానికి అందంగానే ఉంటుంది. బేరగాడికి మాత్రం పనికిరాదు. మార్కెట్లో పచ్చ ద్రాక్ష పచ్చగానే ఉండాలి. పైముక్క కాయ శుభ్రంగా ఉంది, అత్తగారింటి కాయ మాత్రం వరసగా రెండేళ్ళు గులాబీ తిరిగింది. ఆపై కాయ చిన్నదైపోయింది కూడా. బేరగాడు కింది ముక్క గడప కూడా తొక్కకుండా పైముక్క కోసుకుని వెళ్ళిపోయాడట. కొడుకు మందు మార్చి చూశాడు, ఎరువు మార్చి చూశాడు. తోటల ఆఫీసరు వచ్చి, రాత్రి చలికీ పగటి ఎండకూ తేడా ఎక్కువవడం వల్లేనని చెప్పి వెళ్ళాడు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఊరందరికి ఒక్కటే చలి. పక్క తోటల లేదు, ఎనకటికి నా తోటల లేదు. రెండేండ్ల సంది నా అత్తగారింట్లనే ఎందుకుంటది? దానికి నేనంటె పగనా?" అని అడిగేది. కొడుకు తీగలు పీకేసి ఆ ముక్క అమ్మేద్దామంటున్నాడు. ఫామ్‌హౌసుకు అడిగేవాళ్ళు ఊళ్ళోనే తిరుగుతున్నారు. ఆవిడ గడువు పెట్టుకుంది. "ఈ యేడు గూడ గిట్లనే అయితే పీకేస్త. ఆయిన చేతితోని పెట్టిన తీగలు, నా చేతితోని పీకుత" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చూపు ఎదురుగా ఉన్న కింది పందిళ్ళ మీదే ఉంది.

తోట కింది సరిహద్దులో ఒక సిమెంటు బిల్లల గోడ ఉండేది, నా తలకన్నా ఎత్తు. ఆ గోడకు అవతల చేను ఆవిడ మరిది నర్సిరెడ్డిగారిది. ఆవిడ కాపురానికొచ్చినప్పుడు ఆయన బడికి పోయే పిల్లవాడు. జొన్నరొట్టె చేసి పెట్టి పెంచిన వదిన ఆవిడే. మేం రాకముందు ఊళ్ళో సర్పంచి ఎన్నికల్లో పెద్దమ్మ నిలబడింది, నర్సిరెడ్డిగారు అవతలి పక్షం తరఫున ఇంటింటికీ తిరిగాడు. పెద్దమ్మ ఓడిపోయింది. ఓడినందుకు కాదట ఆవిడ బాధ. ప్రచారానికి వచ్చినప్పుడు తన గుమ్మం ముందు నుంచి తల వంచుకుని వెళ్ళిపోయాడట. "కండ్లు కలిపి, వదినా నీకు ఓటు ఎయ్య అని చెప్తె అయిపోవు. గట్ల పోవుడేంది?" అని నాతో అంది. అంతకు ముందు రెండు చేలకూ మధ్య రాతి కడీలు, వాటికి తీగ ఉండేవి. ఎండాకాలం రాగానే కడీలు పీకించి గోడ పెట్టించింది. గోడ పెట్టాక ఇద్దరికీ మాట లేదు. ఆవిడ తోటలో ఎక్కడ నడిచినా గోడ వైపు చూసేది కాదు.

మేం వచ్చిన రెండో చలికాలం అది. సంక్రాంతి ఇంకా దూరంగానే ఉంది. ఒక పొద్దున గాలి పూర్తిగా ఆగిపోయి, ఆకు కూడా కదలడం లేదు. పైన బండల దగ్గర తోట పనివాళ్ళు ఎండు పుల్లలతో నెగడు వేసుకుని చలి కాచుకున్నారు. పనికి లేస్తూ ఎవరో మంట మీద తడి ఆకు కుప్ప పడేశారు. మంట అణిగి, తెల్లగా దట్టమైన పొగ లేచింది. పెద్దమ్మా నేనూ అప్పుడే బయటికొచ్చాం. లేచిన పొగ పైకి పోకుండా నేల మీదికి వంగి, పందిళ్ళ కింద నుంచి వాలు వెంట జారడం మొదలెట్టింది. పారే నీళ్ళకు ఎంత తొందర ఉంటుందో దానికీ అంతే ఉంది. తల్లిగారింట్లో ఆగలేదు. అత్తగారింట్లోకి దిగింది. గోడ దాకా వెళ్ళింది. అక్కడ ఆగి, కొంచెం పైకి లేచి, దారి దొరక్క వెనక్కి తిరిగి కింది తీగల మీద పరుచుకుంది. చూస్తుండగా కింది పందిళ్ళు సగం దాకా పొగలో మునిగిపోయాయి. నడుముల దాకా.

పెద్దమ్మ పొగ వెనకే వట్టి కాళ్ళతో కిందికి నడిచింది. గోడ దగ్గర నిలబడి, రెండేళ్ళలో మొదటిసారేమో, దాన్ని నిదానంగా చూసింది. అరచెయ్యి బిల్ల మీద ఆనించింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి ఆవిడ ముఖం ఎర్రబడి ఉంది. "కడీలున్నప్పుడు సందులకెల్లి వాగుకు పోయేది" అంది. "నేనే కట్టేసిన. నా చలి నా ఇంట్లనే." అంతదాకా అందరి మీదా కేకలేసిన మనిషి, మందు మీదా ఎరువు మీదా ఆఫీసరు మీదా విరుచుకుపడ్డ మనిషి, ఆ ఒక్క పొద్దున ఎవరినీ ఏమీ అనలేదు. నేను ఉత్సాహంగా, "నీ గోడేగా పెద్దమ్మా, ఇవాళే తీయించేద్దాం!" అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. "ఇడిస్తె ఏడికి పోతది? నర్సిరెడ్డి చేన్లకు. టమాట పెట్టిండు ఆడ. అడగకుంట కిందోని చేన్లకు నీళ్ళు ఇడుస్తమా బిడ్డా? ఇడువం. మరి చలి ఎట్ల ఇడుస్త?" అంది. ఆ ఊళ్ళో మిగులు నీళ్ళు కిందికి వదిలేముందు కింది చేనువాడికి ఒక మాట చెప్పడం రివాజు. ఎంత పగ ఉన్నా చెప్తారు. చలికి కూడా ఆ మర్యాద వర్తిస్తుందని ఆవిడకు తప్ప ఇంకెవరికి తోస్తుంది!

అయితే అడగాలంటే ముందు మాట్లాడాలి కదా. అదీ చిక్కు. కొద్ది రోజులు ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యాయి. ఒకసారి గోడ అక్కడే ఉండనీ అంది, ఇంకోసారి తీగలు ఎండిపోనీ అంది. ఒక సాయంత్రం మాత్రం ఇస్త్రీ చీర కట్టుకుని మెట్ల కింద నిలబడి, "మాధవీ, నువ్వు గూడ రా. నడుమ ఒక మనిషుండాలె. నువ్వు ఎట్లాగు మాట్లాడవు, మంచిది" అని పిలిచింది. గోడ లేకపోతే తోటలోంచి దిగి చేనుగట్టు దాటితే చేరే ఇల్లు. గోడ పుణ్యమా అని రోడ్డెక్కి, స్కూలు ముందు నుంచి తిరిగి, ఊరి జనమంతా చూస్తుండగా నడిచి వెళ్ళాం. "చూడు, నా గోడ నన్నే తిప్పుతున్నది" అని దారిలో విసుక్కుంది.

నర్సిరెడ్డిగారు వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆయన భార్య లోపలికెళ్ళి కుర్చీలు తెచ్చింది, మళ్ళీ లోపలికెళ్ళి చాయ్ పెట్టింది. కుశల ప్రశ్నల్లేవు. పెద్దమ్మ కుర్చీ అంచున కూర్చుని, నేల వైపు చూస్తూ నేరుగా విషయానికొచ్చింది. "నర్సిరెడ్డీ, నా తోటల చలి ఆగిపోతున్నది. గోడ తియ్యాలె. తీస్తె నీ చేన్లకు వస్తది. నీ టమాటకు మంచిది గాదు. అడిగిపోదామని వచ్చిన" అంది. ఆయన కాసేపు అర్థం కానట్టు చూశాడు. "చలికి గూడ అడుగుతరా వదినా?" అన్నాడు. "నీళ్ళకు అడుగమా?" అంది ఆవిడ.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు. తల గోక్కున్నాడు. చివరికి నిజం చెప్పాడు. గోడ వచ్చిన దగ్గర్నుంచి ఆయన చేను బ్రహ్మాండంగా ఉందట. ఇదివరకు చలికాలంలో టమాట ఆకు ముడుచుకుపోయేది, ఈ రెండేళ్ళు ఏ జబ్బూ లేదట. "కొత్త మందు మంచిగ పనిచేస్తున్నది అనుకున్న. ఊరందరికి చెప్పిన గూడ, గా మందే కొట్టుండ్రి అని. మందు గాదా? నీ గోడనా?" అని నోరు తెరిచాడు. ఆయన భార్య గుమ్మంలోంచి కిసుక్కున నవ్వింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. మంచిగా ఉన్న చేను పాడు చేసుకొమ్మని ఏ ముఖంతో అడగడం అని ఆవిడ ఆలోచిస్తున్నట్టు నాకు తెలిసింది. లేవబోయింది కూడా. అప్పుడు నర్సిరెడ్డిగారు, చాయ్ కప్పు వైపు చూస్తూ, మెల్లగా అన్నాడు. "ఇడువు వదినా. ఎప్పటి సందో మా దిక్కే వచ్చే చలే గదా. అది మా చలే."

పెద్దమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆయన తల తిప్పుకున్నాడు. ఎన్నికల మాట ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు ఎత్తలేదు, నాకు తెలిసి తర్వాత కూడా ఎత్తలేదు. చాయ్ చల్లారిపోతే ఆయన భార్య మళ్ళీ వేడి చేసి తెచ్చింది. పెద్దమ్మ సాసర్లో పోసుకుని ఊదుకుంది. ఆ ఊదడం వినగానే ఆయన, "ఇంక గా అలవాటు పోలే నీకు" అన్నాడు.

గోడ తీసే రోజు ఒక తమాషా జరిగింది. మాట కలిసినా పెద్దమ్మ పంతం పూర్తిగా దిగలేదు. చలి నేల మీదే పారుతుంది కాబట్టి అడుగు బిల్లలు మాత్రం తీస్తే చాలని, పైవి అలాగే ఉంచమని పనివాడికి చెప్పింది. అతను స్తంభాల గాడిలో ఒకదాని మీదొకటి నిలబెట్టిన బిల్లల్ని చూపించి, "కిందిది గుంజితే పైవి మీద పడ్తయి పటేలమ్మా. తీస్తె మీదికెల్లి అన్ని తియ్యాలె, లేకుంటె ఏది తియ్యరాదు" అన్నాడు. ఆవిడ అతని మీద ఒక కేక వేసి, గోడ పొడవునా ఒకసారి నడిచి వచ్చి, "అయితే తియ్యి" అంది. అక్కడక్కడా కొన్ని గళ్ళు పైనుంచి కింది దాకా ఖాళీ అయ్యాయి. అవతల నర్సిరెడ్డిగారు కొడవలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. తన చేను అంచున వాగు ఒడ్డుకు దట్టంగా పెరిగిన పశువుల గడ్డిని ఆయనే కోసేశాడు, చలి తన చేనులో కూడా ఆగకుండా వాగులోకి దిగిపోవాలని. ఎవరూ చెప్పకుండానే చేశాడు. గోడ సందులోంచి అది చూసి పెద్దమ్మ, "చిన్నప్పుడు గూడ గిట్లనే, చెప్పకుంట చేస్తడు" అని గొణిగింది. ఆ గొణుగుడులో ఎంత ముద్దుందో చెప్పలేను.

మర్నాడు పొద్దున కింది పందిళ్ళ దగ్గర ఆవిడ ఆగి, "ఏడికున్నది?" అంది. నేను కిందికి చూసుకుని, "పిక్కల దాకా" అన్నాను. ఆ ఏడాది కాయ పూర్తిగా బాగుపడలేదు. అప్పటికే దెబ్బతిన్న గుత్తులు కొన్ని గులాబీ తిరిగాయి. అయినా బేరగాడు కింది ముక్కలోకి దిగాడు, కొంత కోసుకున్నాడు. తీగలు పీకే మాట ఇక ఎవరూ అనలేదు. మరుసటి ఏడు అత్తగారింటి కాయ పైముక్క కాయతో పాటు పచ్చగా, నిండుగా వచ్చింది. మొదటి బుట్ట గోడ సందులోంచి మరిదిగారింటికి వెళ్ళింది. టమాట కొంత దెబ్బతిన్న మాట నిజమే. ఆయన దాన్ని చేను పైవైపుకు మార్చి, చలి పారే కింది పట్టెలో చలికి బెదరని క్యారెట్, కొత్తిమీర వేసుకున్నాడు. ఆ క్యారెట్లు మా ఇంటికీ వచ్చేవి, కడగకుండా, మట్టితో సహా.

ఒకసారి రవితో ఏదో మాటామాటా వచ్చి, నేను ఎప్పటిలాగే నోరు మూసుకుని తోటలోకి వెళ్ళిపోయాను. పెద్దమ్మ కనిపెట్టింది. దగ్గరికొచ్చి ఏమైందని అడగలేదు. గోడలో ఖాళీ గడి పక్కన నిలబడి, "కోపం వద్దనుకుంటె ఆగుతదా బిడ్డా? రాత్రయితె చలి దిగుడే, ఎవ్వరి తోటల అయినా. దానికి దారుండాలె. దారి ఇడిచేటప్పుడు కిందోనికి ఒక మాట చెప్పాలె. గంతే" అంది. నాకు ఏడుపొచ్చింది. కన్నతల్లి కూడా నాతో ఈ మాట అనలేదు. పైకి వెళ్ళి రవితో, "నాకు చాలా కోపంగా ఉంది, ఇప్పుడు చెప్పనా?" అని అడిగాను. ఆయన బిత్తరపోయి ల్యాప్‌టాప్ మూసేశాడు. పెళ్ళయ్యాక మేం సరిగ్గా పోట్లాడుకున్నది అదే మొదలు.

తర్వాత ఆఫీసులు రమ్మన్నాయి, మేం నగరానికి తిరిగొచ్చేశాం. కోతలప్పుడు వెళ్ళేవాళ్ళం. ఒక చలికాలం పొద్దున ఫోనొచ్చింది. పెద్దమ్మ నిద్రలోనే పోయిందట. మేం వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. నర్సిరెడ్డిగారింటివాళ్ళెవరూ రోడ్డు మీది నుంచి రాలేదు. పిల్లలు, కోడళ్ళు, ముసలివాళ్ళు అందరూ ఆ గోడ సందుల్లోంచి, తీగల కింద నుంచి నడిచి వచ్చారు. ఆయన వట్టి కాళ్ళతో ఉన్నాడు. నన్ను చూసి, "మధ్యల మనిషివి వచ్చినవా బిడ్డా" అని చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఇప్పుడు తోట పెద్దమ్మ కోడలు చూసుకుంటోంది. అత్తగారిల్లు ఇంకా కాస్తూనే ఉంది. గోడలో ఆ గళ్ళు మళ్ళీ ఎవరూ మూయలేదు.

అదంతా మొన్న ర్యాంప్ మీద నిలబడితే గుర్తొచ్చింది. కారు తాళాలు చేతిలోనే ఉన్నాయి. చలి పిక్కల దాకా ఉంది. రవితో అప్పటి నుంచి కోపమొస్తే చెప్పే అలవాటు నిలబెట్టుకున్నాను గానీ, పిల్లతో మాత్రం అదే పాత వరస. నేను మాట్లాడకుండా వెళ్ళిపోతే మా ఇంట్లో చలి ఎవరి దగ్గర ఆగుతుందో అప్పటిదాకా ఆలోచించలేదు. వెనక్కి తిరిగి పైకెక్కాను. శ్రావ్య తన గదిలో తలుపు దగ్గరగా వేసుకుని, మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఏడ్చినట్టుంది. తలుపు కొట్టి, గడప ఇవతలే నిలబడ్డాను.

"నాకు చాలా కోపంగా ఉంది" అన్నాను. "ఇప్పుడు చెప్పనా, కాసేపాగి చెప్పనా?"

అది ముక్కు తుడుచుకుని, మంచం మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఎంకపల్లి భాష దాని నోట్లో ఇంకా అక్కడక్కడా మిగిలే ఉంది.

"చెప్పమ్మా, ఏం కాదు. ఎప్పుడూ నా దిక్కే వచ్చేదే గదా" అంది.